టెక్సాస్‌లో వేరే ఉద్యోగం నుంచి టీచర్ వృత్తిలోకి మారడం ఎలా?

ఇదివరకే డిగ్రీ ఉండి, మరో రంగంలో పనిచేసినవారు మళ్లీ కాలేజీకి వెళ్లి ఎడ్యుకేషన్ డిగ్రీ చదవకుండానే టీచర్ సర్టిఫికెట్ పొందే మార్గం టెక్సాస్‌లో 1985 నుంచి ఉంది. దీన్ని ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ అంటారు. డాలస్, హ్యూస్టన్ పరిసరాల్లో స్థిరపడి, సాఫ్ట్‌వేర్ కొలువు వదిలి బడి వైపు చూస్తున్న తెలుగువారికి ఇది నిజంగా పనికొచ్చే దారి.

మొదట తేల్చుకోవలసినది డిగ్రీ సంగతి. ఇండియాలో చదివిన డిగ్రీ అమెరికా బ్యాచిలర్ డిగ్రీకి సమానమని టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ గుర్తించిన మదింపు సంస్థ ధ్రువీకరించాలి. నాలుగేళ్ల బీటెక్‌కు సాధారణంగా చిక్కు రాదు కానీ, మూడేళ్ల బీఎస్సీ, బీకాం డిగ్రీలను కొన్ని సంస్థలు సమానంగా లెక్కించవు కాబట్టి, పీజీ చేసినవారు ఆ మార్కుల పత్రాలను కూడా కలిపి పంపడం మంచిది. జీపీఏ కనీసం 2.5 ఉండాలి. టోఫెల్ అవసరమవుతుందో లేదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఈ పనులన్నీ ముగిసేదాకా ఏ టీచర్ శిక్షణ ప్రోగ్రాముకూ ఫీజు కట్టవద్దని నా గట్టి సలహా.

తరువాత సబ్జెక్టు ఎంచుకోవాలి. ఆ సబ్జెక్టులో 12 కాలేజీ క్రెడిట్లు, ఏడో తరగతి నుంచి పైకి లెక్కలు లేదా సైన్స్ చెప్పాలంటే 15 క్రెడిట్లు చదివి ఉండాలి. అవి లేనివారు ప్రవేశానికి ముందే పాక్ట్ అనే సబ్జెక్టు పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. చిన్న తరగతులకు చెప్పదలచినవారు చదవడం నేర్పే పద్ధతిపై ఎస్‌టీఆర్ అనే మరో పరీక్ష కూడా రాయాలి.

ప్రోగ్రామును ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంత తక్కువన్నది ఒక్కటే చూడకూడదు. ఏజెన్సీ వెబ్‌సైటులో దాని గుర్తింపు స్థితి ఏమిటో చూసి, ఇంటర్న్‌షిప్ (జీతంతో పాఠాలు చెప్పే శిక్షణ ఏడాది) కాలంలో పర్యవేక్షకులు తరగతికి వచ్చి ఎన్నిసార్లు పాఠం గమనిస్తారో అడగాలి, ఎందుకంటే మొదటి ఏడాది నిలబెట్టేది ఆ తోడ్పాటే. మన బడి వాతావరణానికీ ఇక్కడి తరగతి గదికీ తేడా చాలా ఉంటుంది గనుక, పని అనుమతి ఉన్నవారు ముందుగా కొన్నాళ్లు సబ్‌స్టిట్యూట్ టీచరుగా వెళ్లి చూడటం మేలు.

శిక్షణ మొత్తం కనీసం 300 గంటలు. అందులో కొంత భాగం, టెక్సెస్ అనే రాష్ట్ర టీచర్ సర్టిఫికేషన్ పరీక్షల్లో మీ సబ్జెక్టు పరీక్ష పూర్తయ్యాక, ఏదైనా స్కూల్ డిస్ట్రిక్టులో ఉద్యోగం దొరికితే ఏడాది చెల్లుబాటయ్యే ఇంటర్న్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ ఏడాది జీతం తీసుకుంటూ, ఒక మెంటార్ టీచర్ సాయంతో పూర్తి బాధ్యతతో పాఠాలు చెప్పాలి. హెచ్-4 వీసాపై ఉన్నవారు ఈఏడీ (పని అనుమతి కార్డు) చేతికి వచ్చాకే ఈ ఉద్యోగంలో చేరగలరు.

ఇంటర్న్‌షిప్ ముగిసి, బోధనా పద్ధతులపై పీపీఆర్ పరీక్ష కూడా పాసయ్యాక, ప్రోగ్రాము సిఫారసుతో అయిదేళ్ల స్టాండర్డ్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. దాన్ని పునరుద్ధరించుకోవడానికి ఆ అయిదేళ్లలో 150 గంటల వృత్తి శిక్షణ అవసరం కాబట్టి, హాజరైన ప్రతి శిక్షణ ధ్రువపత్రాన్నీ మొదటి రోజు నుంచే భద్రపరచుకోవాలి.