మంటను తట్టుకునే దుస్తులపై లోగో కుట్టించే ముందు

ఇటీవల మన జిల్లాలోని ఒక కర్మాగారంలో విద్యుత్ ప్యానెల్ వద్ద ఆర్క్ ఫ్లాష్ (విద్యుత్తు గాలిలోంచి దూకడంతో ఒక్కసారిగా పుట్టే విపరీతమైన మెరుపు, వేడి) సంభవించినప్పుడు ఎలక్ట్రీషియన్ చొక్కాకు మంట అంటుకోలేదు గాని, జేబుపై కుట్టిన కంపెనీ లోగో మాత్రం కరిగి ఛాతీకి అతుక్కుపోయింది. మార్చి 4న జరిగే జాతీయ భద్రతా దినోత్సవానికి ముందు రేణిగుంట, ఏర్పేడు, శ్రీసిటీ ప్రాంతాలలో కొత్త యూనిఫాంలు కుట్టించే హడావుడి ఉంటుంది కనుక ఈ మాటలు రాస్తున్నాను. హెల్మెట్, బూట్ల సంగతి అందరికీ తెలిసినదే.

వేడి నుంచి కార్మికులను కాపాడే దుస్తులకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 15748 చూసి కొన్న చొక్కాలను, స్కూలు బ్యాడ్జీలు కుట్టే ఎంబ్రాయిడరీ దుకాణానికి పంపడమే నేను చూసిన తప్పులలోకెల్లా పెద్దది. అక్కడ సాధారణంగా వాడే పాలిస్టర్ దారం 250–260 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆర్క్ వేడి వేల డిగ్రీలలో ఉంటుంది. పైదారం కంటికి కనిపిస్తుంది కనుక కొందరైనా దాని గురించి అడుగుతారు. బట్ట ముడతపడకుండా వెనక పెట్టే బ్యాకింగ్‌ను, కింది బాబిన్ దారాన్ని ఎవరూ అడగరు. చొక్కా తిరగేసి తడిమితే వేలికి గరుకుగా తగిలే ఆ తెల్లటి ముక్క కాగితంలా కనిపించినా, చాలాసార్లు పాలిస్టరే. ఒంటికి ఆనుకుని ఉండేది కూడా అదే.

పైదారం, బాబిన్ దారం అరామిడ్‌వి (వేడికి కరగని ఒక రకం కృత్రిమ పీచువి) అయి ఉండాలి, బ్యాకింగ్ కూడా మంటను తట్టుకునేదై ఉండాలి. ఈ మూడింటికీ కాగితంపై హామీ తీసుకోవాలి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. దారం ముక్కను ఆరుబయట పట్టకారుతో పట్టుకుని వెలిగించినప్పుడు చివర గట్టి పూసలా ముద్దకడితే అది పాలిస్టరో నైలానో అయి ఉంటుంది, వెంటనే తిప్పిపంపాలి. ముద్దకట్టనంత మాత్రాన హామీపత్రం అడగడం మానకూడదు. అన్నిటికంటే మేలైన పద్ధతి, చొక్కాకు వాడిన రకం బట్టపైనే లోగో కుట్టించి, ఆ ముక్కను అరామిడ్ దారంతో చొక్కాకు కుట్టడం.

లోగో చిన్నదిగా ఉండాలి. ఇస్త్రీతో అతికించే రబ్బరు లోగో వద్దు. పేరు పట్టీకీ ఇదే నియమం. తయారీదారు లేబుల్‌ను కప్పి కుట్టవద్దు. ఆర్క్ ఫ్లాష్ నుంచి కాపాడే పలు పొరల ఆర్క్ సూట్‌లో అన్ని పొరల గుండా సూది దింపవద్దు. గంజి పెట్టవద్దు, అది మండుతుంది. క్లోరిన్ బ్లీచ్ వద్దు. దోమల మందు ఆ బట్టపై చల్లవద్దు. ఎండ ఎంత మండినా లోపల పాలిస్టర్ బనియన్ వద్దు. పైన మామూలు రిఫ్లెక్టివ్ జాకెట్ వద్దు. మళ్లీ చెబుతున్నాను, చొక్కా తిరగేసి బ్యాకింగ్ చూడండి. ఇప్పటికే కుట్టించినవి ఉంటే, బ్యాకింగ్ ఏమిటో తేలేవరకు ఆ చొక్కాతో ఎవరినీ ప్యానెల్ గదిలోకి పంపవద్దు.