ప్రోటీన్ సీక్వెన్సింగ్‌కి సరైన ల్యాబ్‌ను పట్టుకోవడం ఎలా?

నెలకొక ఫోనైనా వస్తుంది. "సార్, ప్రోటీన్ సీక్వెన్సింగ్ ఎక్కడ చేస్తారు, ఎంత తీసుకుంటారు?" అని. "నీకు ఏం తెలియాలి?" అంటాను. "సీక్వెన్సే సార్" అంటారు. అక్కడే నేను తల పట్టుకుంటాను. రెండు నెలలు పోయాక వాళ్లే మళ్లీ ఫోన్ చేసి "రిపోర్టు వచ్చింది గానీ, మేం అడిగింది ఇది కాదు" అంటారని నాకు ముందే తెలుసు. డబ్బు పోతే పోయింది, శాంపిల్ పోతుంది చూడండి, అది బాధ. ఆరు నెలలు కోల్డ్ రూమ్‌లో వణికి శుద్ధి చేసుకున్న ఐదు మైక్రోగ్రాముల ప్రోటీన్‌ని మళ్లీ ఎవరిస్తారు?

ఈ రంగానికి కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల దండ. పూసలు 20 రకాలు. దండ పొట్టిదైతే పెప్టైడ్ అంటాం. ఏ పూస పక్కన ఏ పూస ఉందో వరసగా చదవడమే సీక్వెన్సింగ్. అలా పూర్తిగా చదివిన మొదటి ప్రోటీన్ ఇన్సులిన్. 51 పూసలు, రెండు పేటలు. చదివిన ఫ్రెడరిక్ శాంగర్‌కి 1958లో నోబెల్ వచ్చింది.

1. మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

కాగితం మీద రాయండి, మనసులో కాదు. జెల్ మీద (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే పలక) కనిపించిన బ్యాండ్, అంటే గీత, ఏ ప్రోటీనో తెలియాలా? బ్యాక్టీరియాలో తయారు చేయించుకున్న ప్రోటీన్ మొదలు సరిగ్గా ఉందో లేదో చూడాలా? జన్యువు తెలియని జీవి నుంచి, ఏ పాము విషం నుంచో తీసిన ప్రోటీన్‌ని మొదటి నుంచి చివరిదాకా చదవాలా? కొనుక్కున్న పెప్టైడ్ ఆర్డర్ ఇచ్చినట్టే ఉందా? ఈ నాలుగూ నాలుగు వేర్వేరు పనులు, నాలుగు వేర్వేరు రేట్లు. బయట అన్నిటికీ పేరు మాత్రం సీక్వెన్సింగే.

2. పద్ధతి ఏదో మీరే తేల్చుకోండి

ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి ఎడ్మన్ పద్ధతి. పేర్ ఎడ్మన్ 1950లో ప్రచురించాడు. దండ మొదటి కొస దగ్గర ఒక్క పూసను తెంపి, అదేమిటో చూసి, మళ్లీ తర్వాతి పూసను తెంపడం. రెండోది మాస్ స్పెక్, అంటే అణువుల్ని తూచే మాస్ స్పెక్ట్రోమెట్రీ. దండను ట్రిప్సిన్ అనే కోసే ఎంజైమ్‌తో ముక్కలు చేసి, ఆ ముక్కల్ని యంత్రంలో మళ్లీ విరగ్గొట్టి, తూకాలను బట్టి వరస ఊహించడం.

ఈ రోజుల్లో కుర్రాళ్లకి మాస్ స్పెక్ అంటే పిచ్చి. ఎడ్మన్ పాతకాలపు సంగతి అంటారు. నేను ఒప్పుకోను. ప్రోటీన్ మొదలు చూడాలంటే ఎడ్మనే. ల్యూసిన్, ఐసోల్యూసిన్ రెండూ సరిగ్గా ఒకే తూకం, 113.084 డాల్టన్లు (అణువుల తూకానికి కొలత). మామూలు మాస్ స్పెక్‌కి ఆ రెండిటికీ తేడా తెలియదు, ఎడ్మన్‌కి తెలుస్తుంది. అయితే దానికీ హద్దుంది. ప్రతి విడతలో 95 శాతం పని జరిగిందనుకున్నా, 20 విడతలయ్యేసరికి మిగిలేది 36 శాతమే. 30 దాటాక చదివింది నేనైతే నమ్మను. ఇంకో చిక్కు, మొదటి కొసకి అసిటైల్ గుంపు అతుక్కుని ఉన్నా, ఆ కొసలోని పూసే పైరోగ్లుటమేట్ అనే రూపంలోకి మారి ఉన్నా ఎడ్మన్‌కి తలుపు మూసేసినట్టే. మనిషి కణాల్లోని ప్రోటీన్లలో ఎక్కువ భాగానికి ఆ అసిటైల్ టోపీ ఉంటుంది. యాంటీబాడీల్లో పైరోగ్లుటమేట్ మామూలే.

పెప్టైడ్ కొన్నవాళ్లకి ఒక మాట. సర్టిఫికెట్ మీద ఉండేది సాధారణంగా శుద్ధత, మొత్తం తూకం, అంతే. తూకం సరిపోతే వరస సరిపోయినట్టు కాదు. షుగర్ ఉన్నవాళ్లకి తెలిసిన లిస్‌ప్రో ఇన్సులిన్‌నే తీసుకోండి. మామూలు ఇన్సులిన్‌లో బీ పేటలో 28, 29 స్థానాల్లోని ప్రోలిన్, లైసిన్ అటూ ఇటూ మారిస్తే అదే లిస్‌ప్రో. రెండిటి తూకమూ ఒకటే. అయినా ఒంట్లో ఎంత త్వరగా పనిచేస్తాయన్నదాంట్లో తేడా ఉంది.

3. ల్యాబ్‌ల జాబితా

ఇది సులువు. హైదరాబాద్‌లో ఉంటే హబ్సిగూడలోని పరిశోధనా సంస్థ సీసీఎంబీలో ప్రోటియోమిక్స్ (ప్రోటీన్లను పెద్ద ఎత్తున చదివే) విభాగం ఉంది. బెంగళూరులో సీ-క్యాంప్ అనే సంస్థ ఉంది. దేశంలోని పరిశోధనా సంస్థల యంత్రాలను ఒకచోట చూపించే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతకండి. ప్రైవేటు ల్యాబ్‌లు సరేసరి. జాబితాలో యంత్రం పేరు ఉన్నంత మాత్రాన అది పనిచేస్తోందని కాదు. ముఖ్యంగా ఎడ్మన్ యంత్రాలు తక్కువ, ఉన్నవాటిలో కొన్ని గుడ్డ కప్పుకుని కూర్చున్నవే. బయటివాళ్ల శాంపిళ్లు తీసుకుంటారా అని ఫోన్ చేసి కనుక్కోండి. వెబ్‌సైట్‌లో ఫారం నింపి ఎదురుచూడొద్దు. యంత్రం మీద పనిచేసే మనిషితో మాట్లాడించని ల్యాబ్‌కి నేను శాంపిల్ పంపను.

4. మెయిల్ రాయడం: అందరూ బోల్తా పడేది ఇక్కడే

"మాకు ప్రోటీన్ సీక్వెన్సింగ్ కావాలి, కొటేషన్ పంపగలరు" అని మెయిల్ పెడితే వచ్చే కొటేషన్ నూటికి తొంభై సార్లు సీక్వెన్సింగ్‌ది కాదు, గుర్తింపుది. వాళ్లు మోసం చేస్తున్నారని కాదు. ఆ మాటకి వాళ్ల దగ్గర అర్థం అదే.

గుర్తింపు అంటే ఏం జరుగుతుందో చూడండి. మీ ప్రోటీన్‌ని ముక్కలు చేస్తారు. ముక్కల తూకాలను కంప్యూటర్ డేటాబేస్‌లో ఉన్న ప్రోటీన్లతో పోలుస్తుంది. పదో పన్నెండో ముక్కలు ఒకదానితో కలిస్తే "మీది ఇదే" అని పేరు చెబుతుంది. రిపోర్టులో ఆ ప్రోటీన్ సీక్వెన్స్ మొత్తం అచ్చేస్తుంది, కలిసిన ముక్కలు ఎర్ర అక్షరాల్లో, మిగతాది నల్ల అక్షరాల్లో. ఆ నల్ల అక్షరాల్ని ఎవరూ మీ ట్యూబ్‌లో చూడలేదు. డేటాబేస్ నుంచి తెచ్చి పెట్టినవి. కవరేజీ, అంటే కలిసిన భాగం, 40 శాతం అని ఉంటే, మిగతా 60 శాతం మీ ప్రోటీన్‌దో కాదో ఎవరికీ తెలియదు. మీరు వెతికే మ్యుటేషన్ ఆ నల్ల భాగంలో ఉంటే గోవిందా. ఒకబ్బాయి ఆ నల్ల అక్షరాలతో సహా మొత్తాన్ని "మేము నిర్ధారించిన సీక్వెన్స్" అని థీసిస్‌లో పెట్టుకున్నాడు. వైవాలో ఎగ్జామినర్ ఎర్ర అక్షరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టేసరికి వాడికి చెమటలు పట్టాయి.

అందుకే మెయిల్‌లో ఈ మాట ఇలాగే రాయండి: "ఇది డేటాబేస్‌తో పోల్చి చెప్పే గుర్తింపా, లేక డేటాబేస్ సాయం లేకుండా చదివే డీ నోవో సీక్వెన్సింగా?" జవాబు రాతలో రావాలి. ఫోన్‌లో "అన్నీ చేస్తాం సార్" అంటే సరిపోదు. డీ నోవో అంటే వెంటనే ఇంకోటి అడగండి, ఎన్ని ఎంజైమ్‌లతో కోస్తారని. ట్రిప్సిన్ ఒక్కటే అంటే ఆ ల్యాబ్‌ని వదిలేయండి. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ తర్వాతే కోస్తుంది. ముక్కలు ఒకదాని పక్కన ఒకటి పడి ఉంటాయి, ఏది ముందో ఏది వెనకో తెలియదు. కైమోట్రిప్సిన్, గ్లూ-సీ, ఆస్ప్-ఎన్ లాంటివాటితో వేరే చోట్ల కోస్తే, ఒక ముక్క తోక ఇంకో ముక్క తలను కప్పుతుంది. అప్పుడే దండ కూడుతుంది.

ల్యూసిన్, ఐసోల్యూసిన్‌ని ఎలా తేలుస్తారో అడగండి. "సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది" అంటే తేల్చరని అర్థం. సిస్టీన్ అనే పూసకి ఆల్కైలేషన్ (దానికి ఒక రసాయన తొడుగు వేయడం) చేస్తారా అని అడగండి. ఇది ఎందుకో చివర్లో చెబుతాను. పని వాళ్ల దగ్గరే జరుగుతుందా, ఇంకెక్కడికైనా పంపుతారా? రా ఫైళ్లు, అంటే యంత్రం ఇచ్చిన అసలు డేటా, ఇస్తారా? ఎడ్మన్‌లో మొదటి మూడు విడతల్లో ఏమీ రాకపోతే ఆపేసి, మిగిలిన శాంపిల్ తిప్పి పంపుతారా? ఈ చివరిది అడగక నేను ఒకసారి పది ఖాళీ విడతలకి బిల్లు కట్టాను.

ఇక మీరు చెప్పాల్సింది. ఏ జీవి, ఎంత తూకం రావాలి, ఎంత పరిమాణం ఉంది, ఎలా కొలిచారు. తర్వాత బఫర్, అంటే ప్రోటీన్ కరిగి ఉన్న ద్రావణం. ఇందులో సిగ్గుపడొద్దు, ఉన్నదంతా రాయండి. ట్వీన్-20, ట్రైటాన్ లాంటి డిటర్జెంట్లు ఉంటే మాస్ స్పెక్‌లో 44 డాల్టన్ల తేడాతో మెట్లు మెట్లుగా వాటి శిఖరాలే కనిపిస్తాయి, మీ పెప్టైడ్ వాటి కింద మునిగిపోతుంది. ట్రిస్, గ్లైసిన్ ఎడ్మన్‌ని పాడుచేస్తాయి. "కొంచెమే ఉంది కదా" అని దాచినవాళ్లందరూ శాంపిల్ పోగొట్టుకున్నవాళ్లే. ముందే చెబితే శుభ్రం చేసుకునే దారి ల్యాబ్‌వాళ్లే చెబుతారు.

ఇంత పొడుగు మెయిల్ పెడితే ఏమనుకుంటారో అని టెన్షన్ పడొద్దు. మంచి ల్యాబ్ తిరిగి ఇంకో పది ప్రశ్నలు వేస్తుంది. కొటేషన్ మాత్రమే తిప్పి పంపే ల్యాబ్‌తో నాకు పనిలేదు.

5. శాంపిల్

ఎడ్మన్‌కి 50 కిలోడాల్టన్ల ప్రోటీన్ ఐదు మైక్రోగ్రాములుంటే 100 పికోమోల్స్, హాయిగా సరిపోతుంది. జెల్ నుంచి పీవీడీఎఫ్ మెంబ్రేన్ (పల్చటి ప్లాస్టిక్ పొర) మీదికి ఎక్కించండి. నైట్రోసెల్యులోజ్ వద్దు, ఎడ్మన్ ద్రావకాలకు తట్టుకోదు. ట్రాన్స్‌ఫర్ బఫర్ క్యాప్స్ అనే రసాయనంతో చేసింది, పీహెచ్ 11, పది శాతం మిథనాల్. కూమాసీ రంగే వేయండి. పాలపొడితో బ్లాక్ చేసిన (ఖాళీ చోట్లను పాల ప్రోటీన్‌తో కప్పేసిన) మెంబ్రేన్ పంపిన మహానుభావులున్నారు. వాళ్లకి ఆవుపాల కేసీన్ సీక్వెన్స్ వస్తుంది, దాన్ని మనం ఎప్పుడో చదివేశాం.

మాస్ స్పెక్‌కి జెల్ బ్యాండ్ పంపేటప్పుడు కొత్త బ్లేడు, చేతులకి గ్లోవ్స్, జుట్టు కట్టుకుని కోయండి. లేకపోతే మొదటి వరసలో మీ సొంత కెరాటిన్ (చర్మం, జుట్టు ప్రోటీన్) వస్తుంది. సిల్వర్ స్టెయిన్ వేస్తే గ్లుటరాల్డిహైడ్ లేనిదే వాడండి.

కొరియర్ సోమవారమే. శుక్రవారం పంపితే ఆదివారమంతా మీ డ్రై ఐస్ ఏ గోడౌన్‌లోనో ఆవిరైపోతుంది. మే నెలలో హైదరాబాద్ నుంచి ద్రవంగా అసలు పంపను, లయోఫిలైజ్ చేసి, అంటే గడ్డకట్టించి నీరు తీసేసి, పొడిగానే పంపుతాను.

6. కొత్త ల్యాబ్‌కి ఒక పరీక్ష

మొదటిసారి ఎడ్మన్ చేయించే ల్యాబ్‌కి నా శాంపిల్‌తో పాటు పేరు చెప్పకుండా ఇంకో ట్యూబ్ పంపుతాను. అందులో ఉండేది కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్. అదనపు ఖర్చే, అయినా తప్పదు. దాని మొదలు లైసిన్, వాలిన్, ఫినైల్‌అలనిన్, గ్లైసిన్, ఆర్జినిన్. ఆరోది సిస్టీన్. ఆల్కైలేషన్ చేయని సిస్టీన్ ఎడ్మన్‌లో కనపడదు, ఆ గడి ఖాళీగా రావాలి. నిజాయితీగా చదివినవాళ్లు అక్కడ ఎక్స్ అని రాస్తారు. ఆల్కైలేషన్ చేయం అని మెయిల్‌లో చెప్పి, రిపోర్టులో ఆరో గడిలో సిస్టీన్ అని రాశారంటే, మొదటి ఐదూ చూసి మిగతాది డేటాబేస్‌లో చూసి నింపేశారన్నమాట. ఇలా నాకు ఒకసారి దొరికారు. ఫోన్ చేసి ఆ విడత క్రొమటోగ్రామ్ (యంత్రం గీసిన గ్రాఫ్) పంపమన్నాను. వారం దాకా జవాబు లేదు.

అప్పట్నుంచి రిపోర్టు రాగానే పేజీలు తిప్పి ముందు ఆ ఆరో గడే చూస్తాను. అది చూసేదాకా బిల్లు పాస్ చేయమని అకౌంట్స్‌వాళ్లకి చెప్పను.