పనిచేసే చోట పోషకాహారం – నాలుగో పాఠం: మొదలుపెట్టినదాన్ని నిలబెట్టడం

గత మూడు పాఠాలలో ఉద్యోగుల అవసరాలను తెలుసుకోవడం, క్యాంటీన్ వంటకాలలో మార్పులు తేవడం చూశాం. ఆ మార్పులు మూడేళ్ల తరువాత కూడా ఉండాలంటే ఏం చేయాలన్నది ఈ పాఠం. ఇలాంటి కార్యక్రమం సాధారణంగా ఆగిపోయేది తినేవారికి ఇష్టం లేక కాదు. దాన్ని భుజాన వేసుకున్న ఒక్క అధికారి బదిలీ అయినందువల్లో, క్యాంటీన్ కాంట్రాక్టరు మారినందువల్లో ఆగిపోతుంది. అందువల్ల ఒకరి శ్రద్ధ మీద నడుస్తున్న పనిని క్యాంటీన్ కమిటీ మినిట్స్‌లోకి (సమావేశాల రాతలోకి), స్టోరు రిజిస్టరులోకి, కాంట్రాక్టు షరతులలోకి ఎక్కించడం మీరు అలవరచుకోవాలి.

కమిటీ కొత్తగా పుట్టించవలసినది కాదు. 250 మందికి పైగా కార్మికులున్న కర్మాగారాలలో క్యాంటీన్‌కూ, దాని నిర్వహణలో కార్మికుల ప్రాతినిధ్యానికీ 2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి కర్మాగారాల చట్టం 46వ సెక్షన్‌లోనే చోటుండేది. రాత్రి షిఫ్టువారికీ, కాంట్రాక్టు కార్మికులకూ ఆ కమిటీలో చోటు ఇవ్వండి.

రిజిస్టరు దగ్గర కొంచెం ఆగుదాం. రేణిగుంట వైపు ఒక కర్మాగారంలో రోజుకు 500 భోజనాలు, నెలకు 25 పనిదినాలు అనుకోండి. మొత్తం 12,500 భోజనాలు. ఆ నెల స్టోరు నుంచి వంటకు 50 కిలోల ఉప్పు వెళ్లిందంటే ఒక్కో భోజనానికి 4 గ్రాములు పడినట్టు. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాములకు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు. నూనెకూ ఇదే భాగహారం. ఏ వైద్య శిబిరమూ అవసరం లేని ఈ లెక్కను ప్రతి నెలా స్టోర్‌కీపరే వేయగలడు కాబట్టి, అధికారి మారినా ఇది ఆగదు.

కాంట్రాక్టులో ‘నూనె తక్కువగా వాడాలి’ అని రాస్తే ఎవరూ కొలవలేరు. వెయ్యి భోజనాలకు ఉప్పు, నూనె ఎంతకు మించకూడదో, కందిపప్పు ఎంతకు తగ్గకూడదో కిలోలలో రాయండి. ధర ఒక్కటే చూసి టెండరు ఖాయం చేస్తే ముందుగా పలచబడేది పప్పే. వారానికి రెండు రోజులు రాగి సంగటి, ఊరుబిండి (వేరుశనగ పచ్చడి) అని కూడా షరతులో చేర్చండి. ఇంటి దగ్గర తినే తిండికి ప్రచారం అక్కరలేదు.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలలో సీజన్‌కు సీజన్‌కు మనుషులు మారుతారు. అక్కడ ఉపన్యాసం కంటే షిఫ్టు వేళలే మేలు చేస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. భోజనంతోపాటే తాగే టీ, రక్తానికి కావలసిన ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. టీ విరామాన్ని భోజనం తరువాత గంటకు జరిపి, ఇనుము బాగా పట్టేలా ఉడికించిన గుగ్గిళ్లలో నిమ్మరసం పిండితే ఖర్చు పెద్దగా పెరగదు, కొత్తగా చేరినవారికీ ఆ వేళలే వర్తిస్తాయి.

అభ్యాసం: మీ క్యాంటీన్ గత మూడు నెలల ఉప్పు, నూనె, కందిపప్పు లెక్కలు తీసి, ఒక్కో భోజనానికి ఎంత పడిందో విడివిడిగా రాసి ఉంచుకోండి. ఐదో పాఠంలో ఆ అంకెలతోనే టెండరు షరతులు తయారు చేద్దాం.