బరువు చూసి కొనకండి: యుద్ధ విమానాల స్కేల్ మోడళ్లు ఎంచుకునే పద్ధతి

డైకాస్ట్ (లోహాన్ని అచ్చులో పోసి చేసిన) విమానం డబ్బాలోంచి తీయగానే చేతికి ముందు తెలిసేది బరువు. అమ్మేవాళ్లు కూడా "ఫుల్ మెటల్", "హెవీ పీస్" అంటూ దాన్నే ముందుకు తోస్తారు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. డైకాస్ట్‌లో వాడే జింక్ మిశ్రమం ఘన సెంటీమీటరుకు సుమారు 6.6 గ్రాములు తూగుతుంది, ప్లాస్టిక్ ఒక గ్రాముకు కాస్త పైన. కాబట్టి బరువును బట్టి తెలిసేది లోహం ఎంత పోశారన్నదొక్కటే. ముక్కు వంపు సరిగ్గా వచ్చిందా, గుర్తులు ఉండాల్సిన చోట పడ్డాయా అన్నది దాన్నిబట్టి తెలియదు. డబ్బు పెట్టాల్సింది అచ్చుకు, ముద్రణకు. ఆ రెండూ బాగుంటే సగం ప్లాస్టిక్ ఉన్నా ఫరవాలేదు.

ముందు బీరువా కొలవండి

యుద్ధ విమానాల డైకాస్ట్‌లో ఎక్కువ సరుకు దొరికేది 1/72లో, అంటే అసలు విమానంలో 72వ వంతు కొలతలో. 1/48 పెద్దది, పొడవు ఒకటిన్నర రెట్లు. చూడటానికి అంతే తేడా అనిపిస్తుంది గానీ, ఘనపరిమాణం మూడున్నర రెట్లకు దగ్గరగా పెరుగుతుంది. బరువు, డబ్బా, రవాణా ఖర్చు అన్నీ దాంతోపాటే పెరుగుతాయి. పెద్ద బాంబర్లు, రవాణా విమానాలు కావాలంటే 1/144కో 1/200కో దిగక తప్పదు.

మన వైమానిక దళం విమానాలతో లెక్క చూద్దాం. మిగ్-21 రెక్కల చివర నుంచి చివరకు 7.15 మీటర్లు. 1/72లో అది 99 మిల్లీమీటర్లు. తేజస్ 8.2 మీటర్లు, మోడల్ 114 మి.మీ. సుఖోయ్-30 ఎంకేఐ 14.7 మీటర్ల వెడల్పు, దాదాపు 22 మీటర్ల పొడవు. 1/72లో 204 మి.మీ. వెడల్పు, 305 మి.మీ. పొడవు అవుతుంది. మన ఇళ్లలో షోకేసు లోతు సాధారణంగా అడుగు, అంటే 305 మి.మీ. వెనక ప్లైవుడ్డు, ముందు అద్దం పోగా లోపల మిగిలేది అంతకంటే తక్కువే. సుఖోయ్‌ని ఏటవాలుగా పెట్టాల్సిందే. అలా పెడితే పక్క విమానానికి చోటు పోతుంది. 1/48 సుఖోయ్ అయితే అర మీటరుకు కాస్త తక్కువ, దానికి విడిగా బల్ల చూసుకోవాలి.

విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్న టీయూ-142ఎం విమానం చూసి వచ్చి అదే కావాలనుకునేవాళ్లు చాలామంది. దాని రెక్కల వెడల్పు 50 మీటర్లు. 1/72లో 69 సెంటీమీటర్లు, 1/144లో 35, 1/200లో 25. ఇంట్లో పెట్టుకోవడానికి చివరి రెండే వీలైనవి.

అమ్మేవాళ్లు రాసిన స్కేలును నమ్మకండి, మీరే కొలవండి. అసలు విమానం రెక్కల వెడల్పును మిల్లీమీటర్లలోకి మార్చి, మోడల్ వెడల్పుతో భాగించండి. "తేజస్ 1/72" అని రాసి, కొలతల్లో వెడల్పు 137 మి.మీ. ఇచ్చారనుకోండి. 8200ను 137తో భాగిస్తే 60 వస్తుంది. అంటే అది 1/60, మీ దగ్గరున్న 1/72 విమానాల పక్కన ఎబ్బెట్టుగా ఉంటుంది. పొడవుతో లెక్కేయొద్దు. మిగ్-21కి ముక్కు ముందు గాలి వేగం కొలిచే పొడవాటి పిటాట్ గొట్టం ఉంటుంది, ఒకరు దాన్ని కలిపి చెబుతారు, ఇంకొకరు వదిలేస్తారు.

ఏ పదార్థం ఎక్కడ బాగుంటుంది

జింక్ మిశ్రమాన్ని కరిగించి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడతారు. కరిగిన లోహం అచ్చు మూలమూలకూ చేరాలంటే దానికి కొంత మందం కావాలి. అందుకే డైకాస్ట్ రెక్క వెనక అంచు మొద్దుగా ఉంటుంది. ఆ అంచు ఒక మిల్లీమీటరు ఉన్నా అసలు విమానంలో 72 మిల్లీమీటర్లతో సమానం. ప్లాస్టిక్‌ని ఇంకా పల్చగా పోయొచ్చు. క్షిపణులు, యాంటెన్నాలు, ల్యాండింగ్ గేర్ (చక్రాల కాళ్ల) తలుపులు ప్లాస్టిక్‌లో ఉంటే తిట్టుకోకండి, అక్కడ అదే మేలు. లోహంతో చేసిన క్షిపణి లావుగా, మొండిగా కనిపిస్తుంది.

లోహం నిజంగా పనికొచ్చేది ఒంటికి, రెక్కలకు. వంగవు, వేసవిలో ఆకారం చెడవు. కానీ రెక్కను విడిగా పోసి ఒంటికి బిగిస్తారు కాబట్టి అతుకు దగ్గర సందు వస్తుంది. ముక్కు ప్లాస్టిక్, ఒళ్లు లోహం అయినచోట ఒకే డబ్బాలోని రంగు వేసినా ఛాయ మారొచ్చు. కొనేముందు ఫొటోలో చూడాల్సిన మొదటి రెండు చోట్లు ఇవే.

అసెంబుల్ చేసుకునే ప్లాస్టిక్ కిట్లు వేరే లోకం. ఎడ్వర్డ్, టమియా, హసెగావా వంటివాళ్ల కిట్‌లో కనిపించే నునుపు పని డైకాస్ట్‌లో దొరకడం కష్టం, ధర కూడా తక్కువ. అయితే రంగులు, జిగురు, డెకాళ్లు (తడిపి అంటించే గుర్తులు), బ్రష్షులు, పైగా మీ సమయం, ఇవన్నీ ధరలో చేరవు. రంగు పనిలో ఆసక్తి లేనివాళ్లు కిట్ కొంటే అది అటక మీదే ఉండిపోతుంది. మహాగని చెక్క మోడళ్లు ఆఫీసు బల్ల మీద అందంగా ఉంటాయి. చేత్తో చెక్కినవి కాబట్టి ఏ రెండూ ఒక్కలా ఉండవు, కొలతలు ఉజ్జాయింపే. స్కేలు కలెక్షన్‌లో వాటిని కలపకండి. రెసిన్ మోడల్లో వివరం బాగుంటుంది, కానీ జారిపడితే ముక్కలే.

వివరం అంటే ఏం చూడాలి

ప్యానెల్ లైన్ల (ఒంటి మీద రేకులు కలిసేచోట కనిపించే గీతల) విషయంలో చాలామంది పొరబడతారు. గీతలు లోతుగా, స్పష్టంగా ఉంటే "డీటెయిల్" అనుకుంటారు. మోడల్ మీద 0.3 మి.మీ. వెడల్పు గీత అసలు విమానంలో రెండు సెంటీమీటర్లకు పైన సందు. అంత సందున్న విమానం గాల్లోకి లేవదు. గీత కనీకనిపించకుండా ఉండి, లోపల పల్చటి ముదురు రంగు నిలిచి ఉంటే మంచి పని అని లెక్క.

గుర్తుల్ని స్టిక్కర్లా అంటించారా, ట్యాంపో పద్ధతిలో ముద్రించారా చూడండి. ట్యాంపోలో మెత్తటి సిలికాన్ ముద్దతో రంగును నేరుగా ఒంటి మీదకు దింపుతారు, అంచు ఊడిరాదు. ఫోన్‌లో ఫొటోను బాగా పెద్దది చేసి చూడండి: ఇంజిన్ దగ్గరి హెచ్చరిక అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయా, వైమానిక దళం గుండ్రటి గుర్తులో కాషాయం బయట, ఆకుపచ్చ మధ్యలో ఉన్నాయా, మూడు వలయాల మధ్యబిందువు ఒకటేనా. చౌక మోడళ్లలో తెల్ల వలయం ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా ఉంటుంది.

అసలు పరీక్ష మాత్రం ఆ విమానంలో అది ఏ రకమన్నది, అంటే వేరియంట్‌. అచ్చు తయారీ ఖరీదైన వ్యవహారం. అందుకే కంపెనీలు ఒకే అచ్చులో పోసి, వేర్వేరు దేశాల రంగులు పూస్తాయి. భారత మిగ్-21 కొనేటప్పుడు ఇది బాగా దొరికిపోతుంది. 1971 యుద్ధం నాటి కథ చెప్పే విమానం ఎఫ్‌ఎల్ రకం. వీపు సన్నగా, రెక్కకు ఆయుధాలు తగిలించే ఒక్కో పైలాన్‌తో ఉంటుంది, ఒంట్లో ఫిరంగి ఉండదు, కావాలంటే పొట్ట కింద జీపీ-9 తుపాకీ పెట్టె తగిలిస్తారు. తర్వాతి 'బిస్' రకానికి వీపు లావు, ఒక్కో రెక్కకు రెండేసి పైలాన్లు, జీఎస్‌హెచ్-23 ఫిరంగి లోపలే. దాన్ని ఆధునికీకరించిన బైసన్‌కు ముందు అద్దం చట్రం లేకుండా ఒకే ముక్కగా ఉంటుంది. డబ్బా మీద "1971" అని ఉండి లావు వీపు, నాలుగు పైలాన్లు కనిపిస్తే, అది బిస్‌కు ఎఫ్‌ఎల్ వేషం వేసిందే. దానికి పూర్తి ధర ఇవ్వకండి. (హైదరాబాదులో హెచ్‌ఏఎల్ ఏవియానిక్స్ విభాగం మొదలైందే మిగ్-21 ఎలక్ట్రానిక్ పరికరాల కోసం. ఇక్కడివాళ్లకు ఈ విమానం మీద మోజు ఉండటంలో వింత లేదు.) 2025 సెప్టెంబరులో మిగ్-21 విరమణ తర్వాత "ఆఖరి" అని రాసిన డబ్బాలు ఎక్కువే కనిపిస్తాయి. వాటినీ ఇదే పరీక్ష పెట్టి చూడండి.

ధర లెక్క

1/72 డైకాస్ట్‌లో హాబీ మాస్టర్, కార్గి, కాలిబర్ వింగ్స్, సెంచురీ వింగ్స్ పేర్లు ఎక్కువ వినిపిస్తాయి. సెంచురీ వింగ్స్ పాత మోడళ్లు సెకండ్‌హ్యాండ్‌లోనే, అదీ పెరిగిన ధరకే దొరుకుతాయి. పత్రికతో పాటు వచ్చే పార్ట్‌వర్క్ మోడళ్లు చౌక. లోహమే, బరువే, కానీ వివరం పలచన. షెల్ఫు నింపడానికి సరే.

విదేశాల నుంచి తెప్పిస్తే వెబ్‌సైటు ధర సగం కథే. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెంచింది. తగ్గించిన కొలతల మోడళ్లు కస్టమ్స్ పట్టికలో బొమ్మల శీర్షిక కిందికే వస్తాయి. సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా కలిపిన విలువ మీద పడుతుంది. 8,000 మోడల్, 2,000 రవాణా అనుకుంటే 70 శాతం చొప్పున 7,000 సుంకం, దాని మీద ఐజీఎస్‌టీ, కొరియర్ రుసుము. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఆర్డరు పెట్టే రోజున చూసుకోండి, ఉజ్జాయింపు లెక్కకు రవాణాతో కలిపిన ధరను రెండుతో గుణించుకోండి. ఆ మొత్తానికి ఇక్కడే ఉన్న దుకాణంలోనో, కలెక్టర్ దగ్గరో దొరుకుతుంటే అక్కడే తీసుకోండి. విరిగితే కనీసం మొహం చూసి మాట్లాడొచ్చు.

సెకండ్‌హ్యాండ్ కొంటే అడగాల్సిన ఫొటోలు మూడు: పొట్ట వైపు, ల్యాండింగ్ గేర్ దగ్గరగా, పరుచుకుని పెట్టిన విడి భాగాలు. గేర్ మూసి ఉంచే తలుపులు, పైలట్ బొమ్మ, రెండో జత క్షిపణులు తరచూ పోయేవి ఇవే. అవి లేకపోతే ధర తగ్గించమనండి.

బిగించేటప్పుడు

చాలా మోడళ్లకు గేర్ దించిన తలుపులు, మూసిన తలుపులు రెండూ ఇస్తారు. మూసినవి సందులోకి దిగకపోతే నొక్కకండి. అడ్డుపడేది సాధారణంగా గాడిలో పేరుకున్న రంగే. టూత్‌పిక్‌తో గాడి లోపల గీకండి, తలుపు చిన్న మేకును ఒకసారి సన్నటి గరుకు కాగితం మీద తిప్పండి, మళ్లీ పెట్టి చూడండి. తలుపు వంగి ఉంటే హెయిర్ డ్రయర్ దూరం నుంచి కొద్దిసేపు పట్టి, మెత్తబడ్డాక వేళ్లతో సరిచేసి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. గేర్ కాలు పట్టుకుని లాగితే లోపల మేకు విరుగుతుంది, అది బయటికి తీయడం నరకం.

వదులుగా ఉన్న క్షిపణికి ఫెవిక్విక్ పూయకండి. ఆ రకం జిగురు ఆరుతూ వదిలే ఆవిరి కాక్‌పిట్ అద్దం మీద తెల్లటి పొరగా దిగుతుంది, తుడిచినా పోదు. మామూలు తెల్ల ఫెవికాల్ చుక్క, టూత్‌పిక్ కొనతో, చాలు. ఆరితే పారదర్శకం అవుతుంది, తర్వాత తీయాలన్నా వస్తుంది.

ఉంచడం

దుమ్ము తుడవడానికి మెత్తటి మేకప్ బ్రష్షు, కెమెరాకు వాడే రబ్బరు బ్లోయర్. స్పిరిట్, శానిటైజర్ దగ్గరికి రానివ్వకండి, ముద్రణ లేచిపోతుంది. ఎండ నేరుగా పడేచోట తెల్ల ప్లాస్టిక్ పసుపు పచ్చగా మారుతుంది. కిటికీ ఎదురుగా షోకేసు పెట్టొద్దు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో లోపలి ఉక్కు స్క్రూలు తుప్పు పడతాయి. షోకేసు ఒక్కో అరలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి పెట్టి, రంగు మారినప్పుడల్లా మార్చండి. డబ్బా లోపల స్పాంజి ఉంటే విమానాన్ని దాంట్లో ఏళ్ల తరబడి ఉంచకండి, పాడైన స్పాంజి రంగుకు అంటుకుంటుంది.

ఇంకొక జబ్బుంది, మందు లేనిది. పాత జింక్ పోతలో సీసం లాంటి మలినాలు కలిస్తే లోహం లోపలి నుంచి ఉబ్బి, రంగు కింద సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. తేమ దాన్ని వేగం చేస్తుంది. రెక్క ఉబ్బినట్టో, అతుకు కారణం లేకుండా తెరుచుకున్నట్టో అనిపిస్తే రంగు వేసి కప్పే ప్రయత్నం చేయొద్దు. సెకండ్‌హ్యాండ్‌లో అలాంటిది ఎంత చౌకగా వచ్చినా తీసుకోకండి.