సాహిత్యోత్సవం చరిత్ర రాయాలంటే: జైపూర్ లెక్కలతో ఒక పద్ధతి

ఏ సాహిత్యోత్సవం చరిత్ర రాయబోయినా ముందు చేతికొచ్చేది నిర్వాహకుల ప్రెస్‌నోట్. అందులో ‘ఇది మా ఇన్నో ఉత్సవం’ అని ఉంటుంది. అందరూ దాన్నే ఎత్తిరాస్తారు. పని మొదలుపెట్టాల్సింది ఆ అంకెతోనే.

జైపూర్ లిటరేచర్ ఫెస్టివల్ 2025లో జరిపినదాన్ని పద్దెనిమిదోది అన్నారు. మధ్యలో ఏ ఏడూ మానలేదు. వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోతే మొదటిది 2008 అవుతుంది. జైపూర్‌లో సాహిత్య సభలు మొదలైంది మాత్రం 2006లో. ఆ తొలి రెండేళ్లూ అవి జైపూర్ విరాసత్ ఫౌండేషన్ హెరిటేజ్ ఉత్సవంలో ఒక భాగం. విడిగా తన కాళ్లమీద తాను నిలబడింది 2008లో. అంటే ఆ పద్దెనిమిది అనే అంకెలోనే ఎవరి వాటా ఎక్కడ మొదలైందన్న తీర్పు దాగి ఉంది. 2006 అని రాస్తే విరాసత్ ఫౌండేషన్ కథలోకి వస్తుంది, 2008 అంటే పక్కకు తప్పుకుంటుంది. రెండు తేదీలూ రాయండి, రెంటికీ కారణం చెప్పండి.

కాబట్టి ఒక్క వాక్యం రాయకముందే పట్టిక వేసుకోవాలి. ఏడాదికి ఒక వరుస. నిలువు గడులు ఇవి: నిర్వాహకుల లెక్కలో ఎన్నోది, మన లెక్కలో ఎన్నోది, ప్రకటించిన తేదీలు, నిజంగా జరిగిన తేదీలు, చోటు, నడిపిన సంస్థ, పేరులో చేరిన స్పాన్సర్, డైరెక్టర్లు, ఆధారం. ఆధారం గడి ఖాళీగా ఉన్న వరుసను చరిత్రలోకి రానివ్వకండి. స్పాన్సర్ గడి ఎందుకంటే, జైపూర్ ఉత్సవం పేరుకు ముందు కొన్నేళ్లు డీఎస్సీ, 2014 నుంచి కొన్నేళ్లు జీ అనే స్పాన్సర్ల పేర్లు చేరాయి. పాత పేరుతో వెతక్కపోతే ఆ ఏళ్ల వార్తలు సగం దొరకవు.

రెండు లెక్కలూ కలవని చోటల్లా ఏదో జరిగిందని అర్థం. హైదరాబాద్ లిటరరీ ఫెస్టివల్ 2010లో మొదలైంది, 2020 నాటిది పదోది. వేళ్లమీద లెక్కేస్తే పదకొండు రావాలి. మొదటిది 2010 డిసెంబరులో జరిగి, రెండోది 2012 జనవరికి పోయింది. 2011 క్యాలెండర్‌లో ఉత్సవమే లేదు. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా బుక్ ఫెస్టివల్ 1983లో ఛార్లెట్ స్క్వేర్ తోటలో మొదలై రెండేళ్లకోసారి నడిచింది, ఏటా జరగడం 1997 నుంచే. ఇది తెలియక 1984 కార్యక్రమ పత్రం కోసం గాలించేవాళ్లున్నారు. అదే ఊళ్లో 1962లో జరిగిన రచయితల మహాసభను దీనికి మొదలుగా అంటగట్టడం కూడా మామూలే. అది వేరే సభ. నేపథ్యంగా చెప్పొచ్చు గానీ లెక్కలో కలపకూడదు.

ఇక ఆధారాలు. ఉత్సవం వెబ్‌సైట్ ఏటా కొత్త చొక్కా తొడుక్కుంటుంది, పాత కార్యక్రమాలు మాయమవుతాయి. వెబ్ పేజీల పాత రూపాలను దాచే వేబ్యాక్ మెషిన్ సైట్‌లో ఒక్కో ఏడాదికి కనీసం మూడు నకళ్లు తీయండి: వక్తల జాబితా ప్రకటించినప్పటిది, ఉత్సవం వారం నాటిది, అయిపోయిన నెలకు ఉన్నది. మూడింటినీ పక్కపక్కన పెడితే ఎవరు వస్తామని రాలేదో, ఎవరు చివర్లో చేరారో తేలిపోతుంది. పేజీని పీడీఎఫ్‌గా దాచి, పేరులో ముందు ఏడాది-నెల-తేదీ పెట్టండి. లేకపోతే రెండొందల ఫైళ్లు దాటాక ఏది ఎప్పటిదో చెప్పలేం.

అచ్చు కరపత్రం దొరికితే అంతకన్నా మేలు. పెన్సిల్‌తో కొట్టేసి దిద్దిన కాపీ అయితే బంగారం, ఎందుకంటే హాలు మారడం, వక్త మారడం అలాంటి కాపీలోనే కనిపిస్తాయి. 300 డీపీఐలో రెండు వైపులా స్కాన్ చేయండి. థర్మల్ కాగితం (వేడితో అచ్చుపడే రసీదు కాగితం) మీద అచ్చయిన పాస్‌లు కొన్నేళ్లకే తెల్లబడిపోతాయి, వాటిని ముందు పట్టండి.

తెలుగు పత్రికల్లో వెతికేటప్పుడు ఒక చిక్కుంది. యూనికోడ్‌కు (అన్ని కంప్యూటర్లలో ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతికి) ముందు చాలా పత్రికలు తమ సొంత ఫాంట్లు వాడాయి, ఆ పేజీల్లో మాట కొట్టి వెతికితే ఏమీ రాదు. తేదీ పట్టుకుని, సిటీ పేజీ, సాహిత్యం పేజీ తిప్పుకుంటూ పోవాల్సిందే. పేర్లకు కూడా ఒక జాబితా ఉంచుకోండి: నవలా రచయిత సల్మాన్ రష్దీ పేరే రష్దీ, రుష్దీ, రశ్దీ అని మూడు రకాలుగా ఉంటుంది. మూడూ వెతకాలి, మీ రచనలో మాత్రం ఒక్కటే వాడాలి.

ప్రకటించినదానికీ జరిగినదానికీ తేడా ఎంత ఉంటుందో 2022 చెబుతుంది. జనవరి చివర్లో అనుకున్న జైపూర్ ఉత్సవం కోవిడ్ వల్ల మార్చికి వాయిదా పడింది, పాత వేదిక డిగ్గీ ప్యాలెస్ వదిలి క్లార్క్స్ ఆమేర్ హోటల్‌కు మారింది. ఇక్కడ ఫొటోలు మోసం చేస్తాయి. దర్బార్ హాల్, మొఘల్ టెంట్, బైఠక్ లాంటి పేర్లు వేదికతో పాటే హోటల్‌కు వెళ్లాయి. ఫొటో కింద ‘దర్బార్ హాల్’ అని ఉంటే సరిపోదు, ఏడాది కూడా చూడాలి.

వివాదాలకు విడిగా రోజువారీ పట్టిక వేయండి, వ్యాఖ్య తర్వాత. సల్మాన్ రష్దీ 2007లో జైపూర్ వచ్చి ఏ గొడవా లేకుండా మాట్లాడి వెళ్లారు. 2012లో జనవరి 20న, ఉత్సవం మొదలైన రోజునే, రావడం లేదని ప్రకటించారు. అదే రోజు హరి కుంజ్రు, అమితావ కుమార్, జీత్ థాయిల్, రుచిర్ జోషీ అనే రచయితలు ఉత్సవంలో, వివాదానికి మూలమైన రష్దీ నవల ‘ద సటానిక్ వెర్సెస్’ నుంచి కొన్ని భాగాలు చదివారు. 24న వీడియో లింకు ద్వారా రష్దీతో జరగాల్సిన సంభాషణ కూడా రద్దయింది. చాలా కథనాలు ఈ మూడింటినీ ఒకే ఘటనగా కలిపేస్తాయి. 2007 వరుస పక్కన లేకపోతే అసలు ప్రశ్నే పుట్టదు: అయిదేళ్లలో ఏం మారింది? పుస్తకం అయితే అప్పటికీ ఇప్పటికీ అదే. ఇక ఆ పుస్తకం దిగుమతిని ఆపిన 1988 నాటి నోటిఫికేషన్‌ను అధికారులు చూపించలేకపోవడంతో, అది లేనట్టే భావించాలని 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. సర్కారు కాగితానికే ఆ గతి పడితే సాహిత్యోత్సవం కాగితాల సంగతి వేరే చెప్పాలా.

హాజరు అంకెల దగ్గర అతి జాగ్రత్త కావాలి. ‘ఇన్ని లక్షల మంది వచ్చారు’ అంటే తరచుగా గేటు దాటిన సార్లే తప్ప మనుషులు కాదు. ఒకే మనిషి అయిదు రోజులూ వస్తే అయిదుగురవుతారు, మధ్యాహ్నం బయటికెళ్లి మళ్లీ వస్తే పదిమంది. కాబట్టి ఎలా లెక్కించారో అడగండి. జవాబు రాకపోతే కుర్చీల లెక్క వేసి చూడండి: అయిదు వేదికలు, ఒక్కోదానిలో సగటున 400 మంది, రోజుకు ఏడు సెషన్లు, అయిదు రోజులు అనుకుంటే 70,000 సీట్లు. వాళ్ల అంకె దీనికి ఎన్నో రెట్లుంటే ‘నిర్వాహకుల మాట ప్రకారం’ అని రాసి ఊరుకోండి. జైపూర్‌లో తొలి ఏడాది శ్రోతలు వేళ్లమీద లెక్కించేంత మందే అని, అందులో దారితప్పి వచ్చిన యాత్రికులున్నారని చెప్పుకునే కథ కూడా ఇలాంటిదే. బావుంటుంది, వాడుకోండి, చెప్పినవాళ్ల మాటగానే.

ఇంటర్వ్యూలు పట్టిక పూర్తయ్యాకే. డైరెక్టర్లతో పాటు సౌండ్ చూసినవాళ్లు, పుస్తకాల స్టాలు నడిపినవాళ్లు, వాలంటీర్లను కూడా పట్టుకోండి. ఏ సెషన్‌కు జనం పట్టక బయట నిలబడ్డారో వాళ్లకే గుర్తుంటుంది. ‘ఎలా మొదలైంది?’ అని అడిగితే వందసార్లు చెప్పిన జవాబే వస్తుంది. ‘2009 కరపత్రంలో ఈ సెషన్ కొట్టేసి ఉంది, ఎందుకు?’ అని కాగితం చూపించి అడగండి.

రాత పూర్తయ్యాక నిర్వాహకులకు పట్టిక మాత్రమే పంపండి, వ్యాసం వద్దు. తేదీలు, పేర్లు, చోట్లు తప్పయితే ఆధారంతో సహా ఈమెయిల్‌లో దిద్దమనండి. ఫోన్లో చెప్పిన దిద్దుబాటును పట్టికలోకి ఎక్కించకండి.