పాత మారుతి 800 కొని రోడ్డెక్కించడం ఎలా?

పాత కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు చాలామంది ముందు బానెట్ ఎత్తిస్తారు, సెల్ఫ్ కొట్టించి శబ్దం వింటారు. మారుతి 800 విషయంలో ఇది తలకిందుల పద్ధతి. దాని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ బోరుకొచ్చినా, అంటే సిలిండర్ల లోపలి గోడలు అరిగినా, చెయ్యి తిరిగిన మెకానిక్ లేపి నిలబెడతాడు, సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. డబ్బు మింగేవి రెండే: తుప్పు తిన్న రేకు, గడువు తీరిన ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం, మన వాడుకలో సీ బుక్). అందుకే ముందు కాగితాలు, తర్వాత రేకు, చివర్లో ఇంజిన్ చూడాలి.

1. ఎదురుగా ఉన్నది ఏ బండో గుర్తుపట్టండి

1983 డిసెంబరులో వచ్చిన తొలి 800 పొట్టిగా, డబ్బాలా ఉంటుంది. అది ఎక్కడైనా కనిపిస్తే అదృష్టమే. మనం మామూలుగా చూసేది 1986లో మారిన బాడీ. 90ల చివర్లో దాని ముక్కు కొంచెం గుండ్రబడింది. 2000 ప్రాంతంలో కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే ఎంపీఎఫ్ఐ ఇంజిన్ వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. రోజూ ఆఫీసుకు వెళ్లడానికైతే ఎంపీఎఫ్ఐ తీసుకోండి. సొంతంగా విప్పి బిగించుకునే సరదా ఉంటే కార్బురేటర్ బండి మేలు, స్క్రూడ్రైవర్‌తో చేసే పని అందులోనే ఎక్కువ.

నంబర్ ప్లేటు కూడా కథ చెబుతుంది. మన వైపు కనిపించే ఏపీ 03 అంటే ఉమ్మడి చిత్తూరు జిల్లా. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో విడిపోయింది గానీ పాత బళ్ల నంబర్లు మారలేదు. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ ఇచ్చారు. కాబట్టి 1998 మోడల్ 800 మీద ఏపీ 39 కనిపిస్తే అది వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టరైన బండి అయ్యుండే అవకాశం ఎక్కువ. అది తప్పేమీ కాదు, కానీ ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లో పదేళ్లు నిలబడిన బండికీ, సముద్రానికి దూరంగా మదనపల్లె, పలమనేరు వైపు తిరిగిన బండికీ అడుగు రేకులో తేడా కనిపిస్తుంది. 1989కి ముందు బళ్లకు జిల్లా అంకె ఉండదు, మూడు అక్షరాలూ నాలుగు అంకెలే. అలాంటి ప్లేటు అసలుదైతే చేజార్చుకోకండి.

2. సీ బుక్ చేతికి తీసుకోండి

ఫోన్లో ఫొటో చూపిస్తే ఒప్పుకోవద్దు. అసలు ఆర్‌సీ చూసి, ఎం-పరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి ఓనర్ పేరు, రిజిస్ట్రేషన్ గడువు, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ సరిచూసుకోండి. చలాన్లు విడిగా చూడండి. ఫైనాన్స్ ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం పాత బళ్లలో మామూలే. అప్పుడు బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్‌సీలోంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 కావాలి. ఆ బ్రాంచే మూతపడి ఉంటే తిరగాల్సింది అమ్మేవాడే, మీరు కాదు.

అసలు దెబ్బ గడువు దగ్గర తగులుతుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. కారుకు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలు. 2025 ఆగస్టులో వచ్చిన మార్పుతో 20 ఏళ్లు దాటిన కారుకు అది 10,000 అయింది. దీని మీద పాత బళ్లకు వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యం చేస్తే నెలకు 500 చొప్పున అదనం. నాలుగేళ్లుగా గడువు తీరి షెడ్డులో పడున్న బండికి ఒక్క ఆలస్యపు ఫీజే 48 నెలలకు 24,000. ‘ఆర్‌సీ ఒక్కటి రెన్యువల్ చేయించుకుంటే చాలు సార్’ అని బ్రోకర్ తేలిగ్గా అనే మాట వెనక ఈ లెక్క ఉంటుంది. రెన్యువల్ అమ్మేవాడి పేరు మీదే చేయించి, తర్వాత కొనడం ఉత్తమం.

బదిలీకి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30 కావాలి. రాష్ట్రంలోనే అయితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతులు మారుతూ వచ్చే ‘ఓపెన్ ట్రాన్స్‌ఫర్’ బండిని ఎంత చవకైనా ముట్టుకోకండి. మధ్యలో ఎవరైనా గుద్ది ఉంటే కేసు ఆర్‌సీలో పేరున్నవాడి మీదికే వెళుతుంది, అతను పోలీసులతో పాటు మీ ఇంటికే వస్తాడు.

చిత్తూరుకు అటు వేలూరు, ఇటు కోలారు దగ్గర. టీఎన్ 23, కేఏ 07, కేఏ 08 బళ్లు చవగ్గా కనిపిస్తాయి. ఫారం 28తో అక్కడి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, కొత్త నంబర్ తీసుకునేసరికి ఆ చవక ఎక్కడికి పోయిందో తెలియదు. ఎన్‌ఓసీ చేతికి రాకుండా అడ్వాన్సు మించి ఇవ్వొద్దు.

చివరగా చాసిస్ నంబర్. 800లో అది ఇంజిన్ గదిలో వెనక గోడ రేకు మీద ఉంటుంది. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి, ఆర్‌సీతో ఒక్కో అక్షరం పోల్చండి. ఆ చుట్టూ వెల్డింగ్ గీతలు గానీ, కొత్త పెయింట్ గానీ ఉంటే అక్కడితో నమస్కారం పెట్టి రండి. ఇంజిన్ నంబర్ తేడా ఉంటే ఇంజిన్ మార్చారన్నమాట, అది ఆర్‌సీలో ఎక్కిందేమో చూడాలి. రంగు మార్చినా, గ్యాస్ కిట్ పెట్టినా అంతే.

(పద్మిని, అంబాసిడర్ ప్రియులకు ఒక మాట: 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేకుండా ఉన్న బండిని 2021 నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. నంబర్‌లో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కానీ ఆ బండిని రోజువారీ తిప్పకూడదు.)

3. రేకు తట్టి చూడండి

పగటి వెలుతురులో, బండి తడిగా లేనప్పుడు చూడాలి. ఒక చిన్న అయస్కాంతం, మొద్దు మొన స్క్రూడ్రైవర్, టార్చి పట్టుకెళ్లండి. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి తలుపుల కింది అంచులు, చక్రాల పైన వంపులు, ఫెండర్ వెనక భాగం మీద జరపండి. పట్టు వదిలిందంటే అక్కడ రేకు కాదు, పుట్టీ ఉంది.

తర్వాత మ్యాట్లు పూర్తిగా ఎత్తించండి. డ్రైవర్ కాళ్ల కింద, స్టెప్నీ గుంతలో, బ్యాటరీ కింద, తలుపుల కింద పొడుగ్గా వెళ్లే పెట్టె రేకులో, ముందు షాక్ అబ్సార్బర్ల పైకప్పుల చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. పైపైన పొడిలా రాలితే భయం లేదు. లోపలికి దిగితే, అందులోనూ షాక్ అబ్సార్బర్ బిగించే చోట దిగితే, ఆ బండి వదిలేయాలి. ఆ రేకు ఒకసారి మెత్తబడితే ఎన్నిసార్లు అలైన్‌మెంట్ చేయించినా బండి నిలవదు, టైర్లు ఒక పక్కే అరిగిపోతాయి.

వరదలో మునిగిన బండి మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాల్సిన విషయం. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో చెన్నై మునిగింది, 2021 నవంబరులో తిరుపతి వీధులే ఏరులయ్యాయి. అలాంటి బండిని కడిగి, సీట్లు మార్చి అమ్మేస్తారు. సీట్ బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటుంది. సీటు పట్టాలు, డ్యాష్‌బోర్డు కింది స్క్రూలు తుప్పు పట్టాయా, ఫ్యూజుల కాళ్లు పచ్చబడ్డాయా, హెడ్‌లైట్ లోపల నీటి చార ఉందా చూడండి. మ్యాటు అడుగు వాసన చూడండి. సెంటు కొట్టిన బండిని ఇంకోసారి అనుమానించండి.

4. ఇప్పుడు ఇంజిన్

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని ముందే చెప్పండి. వేడెక్కించి ఉంచారంటే చల్లటి స్టార్టింగ్‌లో ఏదో తేడా ఉన్నట్టే. స్టార్ట్ చేసే ముందు ఆయిల్ మూత తిప్పండి. అడుగున మీగడలా ఉంటే నీళ్లు ఆయిల్లో కలిశాయి, హెడ్ గ్యాస్కెట్ పోయుండొచ్చు. రేడియేటర్ మూత తీసి చూస్తే అందులో ఉన్నది ఉత్త నీళ్లా, కూలంటా (ఇంజిన్‌ను చల్లబరిచే రంగు ద్రవం) అన్నది తెలుస్తుంది. తుప్పు రంగు నీళ్లుంటే రేడియేటర్ సగం పూడిందనుకోండి.

పొగను చూడండి. స్టార్ట్ చేసిన కాసేపు మాత్రమే నీలం పొగ వచ్చి ఆగితే వాల్వ్ సీళ్లు, అది చిన్న పని. ఎక్స్‌లరేటర్ నొక్కిన ప్రతిసారీ నీలంగా కొడితే రింగులు, బోరు. నల్లపొగ కార్బురేటర్ లెక్క తప్పిందని. తెల్లపొగ ఆగకుండా, తియ్యటి వాసనతో వస్తే కూలంట్ కాలుతోంది.

మెకానిక్ దగ్గర సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ ఉంటే మూడు ప్లగ్గులూ తీసి, ఎక్స్‌లరేటర్ పూర్తిగా నొక్కి కొలిపించండి. అంకె ఎంతన్నదాని కంటే మూడింటి మధ్య తేడా ముఖ్యం. చదరపు సెంటీమీటరుకు కిలో మించి తేడా ఉంటే తక్కువున్న సిలిండర్లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా గ్యాస్కెట్.

ట్రయల్‌కు ఊళ్లో రెండు వీధులు తిరిగితే ఏమీ తెలియదు. తిరుపతి వాళ్లు భాకరాపేట ఘాట్, చిత్తూరు వాళ్లు మొగిలి ఘాట్ ఎక్కించండి, ఇన్సూరెన్స్ ఉంటేనే సుమా. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు చూడండి. దిగేటప్పుడు రెండో గేరులో ఎక్స్‌లరేటర్ వదిలేయండి, గేరు దానంతటది ఊడి న్యూట్రల్‌కు వస్తే గేర్‌బాక్స్ విప్పాల్సిందే. పైకి వెళ్లాక ఇంజిన్ ఆపి, పది నిమిషాలాగి మళ్లీ కొట్టండి. మే నెలలో కార్బురేటర్ బళ్లు ఇక్కడే మొరాయిస్తాయి. వేడికి పెట్రోల్ పైపులోనే ఆవిరైపోవడం వల్ల అది జరుగుతుంది. పైపును సైలెన్సర్ మానిఫోల్డ్‌కు దూరంగా కట్టి, పంపు కింద ఇన్సులేటర్ సరిగ్గా ఉందో లేదో చూస్తే చాలావరకు తగ్గుతుంది. కాబట్టి దీన్ని చూసి బండి వదులుకోనక్కర్లేదు, బేరంలో మాత్రం వాడుకోండి. తిరుమల కొండ మీదికి తీసుకెళ్లాలనుకుంటే పాత బండికి అనుమతి సంగతి అలిపిరిలో ముందే కనుక్కోండి.

5. తెచ్చాక ముందు బ్రేకులు

రెండేళ్లుగా నిలిచిన బండిని తెచ్చిన రోజే తోలకండి. ముందు మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లలో రబ్బర్ కిట్లు, బయటికి కనిపించే బ్రేక్ హోస్‌లు మార్చి, డాట్ 3 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తది పోయించండి. అర లీటరు తీసుకుంటే సరిపోతుంది. గాలి తీయడం మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి.

తర్వాత పెట్రోల్. ట్యాంకు దించి కడగాలి. పాత పెట్రోల్ అడుగున జిగురై కార్బురేటర్ జెట్లు మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఆ కాలపు రబ్బరు దాన్ని తట్టుకోలేక ఉబ్బి పగులుతుంది. పైపులన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించి, కార్బురేటర్ డయాఫ్రమ్, నీడిల్ వాల్వ్ కిట్, కొత్త ఫిల్టర్ పెట్టించండి. బండి వారాల తరబడి ఆపితే ట్యాంకు నిండా ఉంచండి, ఖాళీ ట్యాంకులో చెమ్మ చేరుతుంది.

టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, మార్చలేదనే అనుకుని టెన్షనర్ బేరింగ్‌తో సహా మార్చండి. ఇంజిన్ ఆయిల్ మూడు లీటర్ల లోపే పడుతుంది, డిప్‌స్టిక్ గీత దాటించకండి. మొదటి ఆయిల్ 500 కిలోమీటర్లకే తీసేయాలి, లోపలి మడ్డి దానితో పోతుంది.

కూలింగ్ దగ్గర మన మెకానిక్‌లతో చిన్న గొడవ తప్పదు. ‘మన ఎండకు థర్మోస్టాట్ ఎందుకు సార్’ అని పీకేస్తారు. వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే ఆ వాల్వు లేకపోతే చల్లటి పొద్దుల్లో ఇంజిన్ తగిన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, బోరు త్వరగా అరుగుతుంది. హీట్ ఎక్కడానికి అసలు కారణం పూడిన రేడియేటరో, తిరగని ఫ్యానో అయ్యుంటుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, కొత్త థర్మోస్టాట్ వేసి, కూలంట్, డిస్టిల్డ్ వాటర్ చెరిసగం పోయించండి. బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని ఏడాదికే పాత కథ మొదలు.

కరెంటు పని తక్కువే. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటర్ 13.8 నుంచి 14.4 వోల్టులు చూపిస్తే డైనమో బాగున్నట్టు. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి, 2318 అంటే 2018లో 23వ వారం. గుండీలు ఎంత లోతుగా ఉన్నా ఆ వయసు టైరుతో హైవే ఎక్కొద్దు.

6. టింకరింగ్, పెయింటు

కుళ్లిన రేకు మీద కొత్త రేకు అతికిస్తే రెండేళ్లలో రెండూ పోతాయి. పాతది మెరిసే రేకు తగిలేదాకా కోసి తీసి, 20 గేజి రేకు వేయించండి, అడుగుకైతే 18 గేజి. సీఓ2 వెల్డింగ్ ఉన్న షెడ్డునే ఎంచుకోండి. ఆర్క్‌తో ఈ పల్చటి రేకుకు చిల్లులు పడతాయి, గ్యాస్ వేడికి వంకర్లు పోతుంది. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు తీయాలి, వెనక వైపు పనైతే ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. అతుకుల మీద జింక్ ప్రైమర్, సీమ్ సీలర్ పడ్డాకే అండర్ కోటింగ్. తుప్పు మీద నేరుగా నల్లటి కోటింగ్ కొట్టించడం పుండు మీద పట్టీ వేసినట్టే, లోపల తింటూనే ఉంటుంది.

పైన ఎపాక్సీ ప్రైమర్, పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు మించకుండా, సర్ఫేసర్, 320 నంబరుతో మొదలుపెట్టి 800 నంబరు దాకా నీళ్ల కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం), ఆ తర్వాత రంగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, గాలిలో తేమకు పెయింటు మసకబారుతుంది. ఏప్రిల్, మేలలో ఎండకు గన్‌లోంచి పడీ పడగానే ఆరి నారింజ తొక్కలా గరుకుతేలుతుంది. జనవరి చివరి నుంచి మార్చి మధ్య వరకు మంచి అదను. అడ్వాన్సు సంక్రాంతికే ఇచ్చి పెట్టండి, ఎండాకాలం ముందు మంచి పెయింటర్లు దొరకరు.

రంగు ఆర్‌సీలో ఉన్నదే వేయించండి. రెన్యువల్ కోసం ఎంవీఐ (మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్) ముందు పెట్టినప్పుడు ఆయన మొదట చూసేవి చాసిస్ నంబరు, రంగు, లైట్లు, హారన్, బ్రేకులు. పొల్యూషన్ సర్టిఫికెట్ ముందే తీయించి పెట్టుకోండి. కార్బురేటర్ బండి అందులో పోతే గాలి ఫిల్టర్ మార్చి, ఐడ్లింగ్ మిక్స్చర్ స్క్రూ సరిచేసి మళ్లీ పెట్టించండి. బండి బాగా వేడెక్కాకే పరీక్షకు తీసుకెళ్లండి, చల్లటి ఇంజిన్‌లో చోక్ ఇంకా పనిచేస్తూ ఉంటే అంకెలు ఎక్కువే వస్తాయి.