అరచేతులు కలిస్తే వెలిగే మిటెన్: చలి ఊళ్ల కోసం ఒక తయారీ పద్ధతి

భోగి నాడు తెల్లవారుజామున వణుకుతూ వీధిలోకి వచ్చి నిలబడమని ఎవరూ ఎవరినీ బలవంతం చేయరు. మంట వెచ్చదనం ఇస్తుంది. దాని చుట్టూ చేరినవారు ఎదురెదురుగా నిలబడతారు కనుక మాటలు వాటంతట అవే మొదలవుతాయి. జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత సున్నాకు 15 డిగ్రీల దిగువకు పోవడం మామూలైన, కెనడా రాజధాని ఒటావా వంటి నగరంలో, జనాన్ని ఆరుబయట కలిపే పరికరాన్ని ఒంటికి తొడగాలనుకునేవారు ముఖ్యంగా పట్టించుకోవలసింది ఈ ఎదురెదురుగా నిలబడటాన్ని. బ్యాటరీతో వేడెక్కే జాకెట్లు ఎప్పటినుంచో దొరుకుతున్నాయి గాని, అవి తొడుక్కున్నవారిని వెచ్చగా ఉంచుతాయే తప్ప పక్కవారి వైపు తిప్పవు. ఫోనుకు సందేశం పంపే పరికరమైతే మరీ అధ్వానం: ఆ సందేశం చూడాలంటే చేతి తొడుగు తీయాలి, తీసిన కాసేపటికే వేళ్లు కొంకర్లు పోతాయి, ఆ పైన ఎవరైనా ఇంటి దారే పడతారు.

అందుకే ఇక్కడ వివరిస్తున్నది తెర గాని, ఫోను గాని, ప్రోగ్రాము రాయవలసిన చిప్పు గాని లేని ఒక మిటెన్ అనే చేతి తొడుగు. ఒటావాలో గడ్డకట్టిన రిడో కాలువ మీద 7.8 కిలోమీటర్ల పొడవున సాగే స్కేటింగ్ దారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రూపొందించాను. ఆ దారిలో జనం ఒకరినొకరు దాటుకుంటూ పోతారు, ఆగడానికి ఒక సాకు మాత్రమే కావాలి. ఇద్దరు ఎదురుపడి కుడి అరచేతులను తట్టుకున్నప్పుడు ఇద్దరి మిటెన్ల వెనుక భాగమూ పది సెకన్ల పాటు వెలుగుతుంది. (2022–23 చలికాలంలో మంచు గట్టిపడక ఆ దారి అసలు తెరుచుకోలేదు; కాబట్టి పార్కులోనూ, బస్టాపులోనూ కూడా పనికివచ్చేలా ఆలోచించడం మంచిది.)

వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కాక, నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఒదిగే మిటెన్‌నే ఎంచుకోండి. వేళ్లు ఒకదానికొకటి వేడినిచ్చుకుంటాయి, పైగా భాగాలు అమర్చడానికి వెడల్పైన చోటు దొరుకుతుంది. కుడి మిటెన్‌లో బొటనవేలి మొదలు దగ్గర 10 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న, కాని బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని, చిటికెనవేలి వైపు అంచున, దానికి సరిగ్గా అదే ఎత్తులో, అయస్కాంతం దగ్గరికి రాగానే మూసుకుని కరెంటును పోనిచ్చే ఒక రీడ్ స్విచ్‌ను పెట్టాలి. ఎదురుగా ఉన్న మనిషి కుడిచేయి ఎత్తి మీ కుడి అరచేతికి ఆనించినప్పుడు, మీ బొటనవేలి వైపు అంచు ఆయన చిటికెనవేలి వైపు అంచుకు తగులుతుంది. మీ అయస్కాంతం ఆయన స్విచ్‌ను, ఆయన అయస్కాంతం మీ స్విచ్‌ను మూస్తాయి. ఒకే మనిషి తన రెండు చేతులతో చప్పట్లు కొడితే ఏమీ వెలగదు, ఎందుకంటే ఎడమ మిటెన్‌లో ఏమీ ఉండదు. నాకు ఈ అమరికలో అన్నిటికంటే నచ్చినది అదే.

రెండు భాగాలనూ ఉన్ని పొరకు బయట, పై బట్టకు వెంటనే లోపల కుట్టండి. లోపలికి పోతే రెండు మిటెన్ల మందమూ కలిసి దూరం పెరిగి స్విచ్ మూసుకోదు. రీడ్ స్విచ్‌లలో గాజు గొట్టం పగిలేది కనుక ప్లాస్టిక్ పోత పోసినదాన్ని కొనండి. అయస్కాంతం ఊడి పిల్లల నోట్లోకి పోతే ప్రాణాపాయం. దానికి రెండు వరుసల కుట్టుతో మూసేసిన జేబు తప్పనిసరి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి ఈ మిటెన్ ఇవ్వకండి.

విద్యుత్ వలయం చిన్నదే. స్విచ్ మూసుకోగానే 100 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే భాగం) గుండా 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ (విద్యుత్తును కాసేపు నిల్వచేసే భాగం) నిండుతుంది. ఆ కెపాసిటర్ తక్కువ వోల్టేజీకే తెరుచుకునే, ఎలక్ట్రానిక్ స్విచ్ లాంటి ఒక మాస్‌ఫెట్ గేటుకు, అంటే దాన్ని తెరిచే కొనకు, కలిసి ఉంటుంది, కెపాసిటర్‌కు సమాంతరంగా లక్ష ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. చేతులు విడిపోయాక కెపాసిటర్ నెమ్మదిగా ఖాళీ అవుతుంది, అంతసేపూ మాస్‌ఫెట్ దీపాలను వెలిగించి ఉంచుతుంది. దీపాలు ఆరి ఉన్నప్పుడు కరెంటు దాదాపు ఖర్చు కాదు, అందుచేత వేరే ఆన్-ఆఫ్ మీట అక్కరలేదు.

బ్యాటరీ దగ్గరే నేను మొదట దెబ్బతిన్నాను. బల్ల మీద ముచ్చటగా వెలిగిన తెల్లని ఎల్ఈడీలు ఆరుబయట పావుగంటకే మిణుకుమని ఆరిపోయాయి. బటన్ సెల్‌ను మిటెన్ వెనుక, పై పొరకు దగ్గరగా కుట్టాను. చలికి సెల్ లోపలి నిరోధం పెరిగి, దీపం వెలిగే క్షణంలోనే వోల్టేజీ కుంగిపోయింది. తెల్ల ఎల్ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి కాబట్టి ఆ కుంగుబాటును తట్టుకోలేదు. ఎర్రదానికి 2 వోల్టులు చాలు. ఇప్పుడు రెండు ట్రిపుల్ ఎ సైజు లిథియం సెల్స్, ఒక్కొక్కదానికీ 100 ఓమ్‌ల రెసిస్టర్‌తో మూడు ఎర్ర ఎల్ఈడీలు వాడుతున్నాను. తిరిగి చార్జ్ చేయడానికి వీల్లేని ఈ సెల్స్ సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా పనిచేసేలా తయారవుతాయి. వాటిని మణికట్టు లోపలి వైపు, ఒంటి వేడి తగిలే చోట పెట్టండి. చార్జ్ చేసే లిథియం-అయాన్ బ్యాటరీనే వాడదలిస్తే, బయటి నుంచి వచ్చిన వెంటనే చార్జర్‌కు తగిలించకండి. సున్నా డిగ్రీలకు దిగువన చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది.

తీగలకు బదులు స్టెయిన్‌లెస్ స్టీలు దారంతో కుట్టవచ్చు. ధన, రుణ దారాల మధ్య ఒక సెంటీమీటరైనా ఎడం ఉంచండి, ముడులకు రంగులేని గోళ్ల పాలిష్ పూయండి, లేకుంటే కరిగిన మంచు తడికి రెండూ కలిసిపోతాయి. ఎల్ఈడీల మీద పల్చటి తెల్ల ఫ్లీసు (మెత్తని నూగు బట్ట) ముక్క కప్పితే సూదిమొనలా గుచ్చే వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. డిసెంబరులో అక్కడ నాలుగున్నర కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు కనుక ఆ వెలుగు బాగానే కనిపిస్తుంది. పట్టపగలు మంచు మెరుపులో మాత్రం ఆశించకండి.

ఇందులో వేడిచేసే పలక కూడా పెట్టమని చాలామంది అడుగుతారు. నేను వద్దంటాను. ఒళ్లు చల్లబడినప్పుడు దేహం గుండెనూ ఊపిరితిత్తులనూ కాపాడుకోవడానికి చేతుల రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. కాబట్టి ఛాతీ, నడుము వెచ్చగా ఉండేలా దుస్తులు వేసుకుంటే చేతులకూ మేలు. 10 వాట్ల పలకకు 10,000 మిల్లీయాంపియర్ అవర్ల పవర్ బ్యాంకు సుమారు మూడు గంటలే వస్తుంది, ఆ బరువు మణికట్టుకు భారం. తప్పదనుకుంటే చొక్కా మీది కోటులో పెట్టండి, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటకుండా చూడండి. 44 డిగ్రీల వేడి గంటల తరబడి అంటి ఉన్నా చర్మం కాలుతుంది, చలికి తిమ్మిరెక్కిన చేతికి అది తెలియదు కూడా.

పూర్తయ్యాక మిటెన్‌ను ఒక రాత్రి ఫ్రీజర్‌లో ఉంచి, తీసిన వెంటనే అయస్కాంతం ఆనించి చూడండి. వెలుగు పది సెకన్ల కంటే ముందే ఆరిపోతే కెపాసిటర్‌ను 220 మైక్రోఫారడ్లకు పెంచండి, ఎందుకంటే ఎలక్ట్రోలిటిక్ రకం చలిలో కొంత సత్తువ కోల్పోతుంది. తర్వాత ఎత్తులో బాగా తేడా ఉన్న ఇద్దరితో, ఉదాహరణకు తాతతోనూ మనవరాలితోనూ, చేతులు తట్టించి చూడండి. చిన్న మిటెన్‌లో అంచుల మధ్య దూరం తక్కువ, కాబట్టి పెద్ద చేతితో కలిసినప్పుడు స్విచ్ పక్కకు తప్పుతుంది. పెద్ద మిటెన్‌లో రెండో రీడ్ స్విచ్‌ను, రెండు సెంటీమీటర్లు లోపలికి, మొదటిదానికి సమాంతరంగా కలిపితే ఇద్దరి చేతులూ వెలుగుతాయి.